ఇంజను కొనే ముందు గది కొలవాలి

నమూనా రైళ్ల దుకాణంలో గాజు అరలోంచి తీసి చేతిలో పెట్టిన ఇంజను మనిషిని ఇట్టే కట్టిపడేస్తుంది. జానెడు దూరంలో పట్టుకుని చూస్తే డ్రైవరు అద్దం మీది వైపరు, బఫర్ల మధ్య వేలాడే బ్రేకు గొట్టం, తలుపు పక్కన సన్నని చేతిపట్టు కడ్డీ అన్నీ కనిపిస్తాయి. అదే ఇంజను ఇంట్లో పట్టాలెక్కాక మూరన్నర దూరం నుంచి చూస్తే వాటిలో సగం కంటికి ఆనవు. చేతిలో ఉన్నప్పుడు తోచని లోపాలు మాత్రం ఒక్కొక్కటే బయటపడతాయి. వంపు దగ్గర బోగీ మూల పట్టాలు దాటి గాలిలోకి పొడుచుకొస్తుంది. రెండు బోగీల మధ్య వేలు దూరేంత సందు కనిపిస్తుంది. పైకప్పు కొత్త ప్లాస్టిక్ డబ్బాలా మెరుస్తుంది. అందుకే ఇంట్లో నిజమనిపించే రైలును నిర్మించాలనుకునేవారికి ఇంజను మీద ఎన్ని వివరాలున్నాయన్నది మొదటి ప్రశ్న కాకూడదు. గది ఎంత, వంపు ఎంత, ఎంత దూరం నుంచి చూస్తారు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నవి తేలితే ఏ ఇంజను కొనాలో దాదాపు దానంతటదే తేలుతుంది.

కొలతలలో ఎక్కువ ప్రచారం ఉన్నది హెచ్‌ఓ. అసలు రైలులో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దాని తర్వాతది ఎన్. అది 160వ వంతు, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. జర్మనీలోని గోపింగెన్ పట్టణపు మార్క్‌లిన్ సంస్థ 1972లో తెచ్చిన జడ్ 220వ వంతుతో ఇంకా చిన్నది. వివరాలకూ స్థలానికీ మధ్య రాజీ హెచ్‌ఓలోనే ఎక్కువమందికి కుదిరింది కాబట్టి ఇక్కడి లెక్కలన్నీ దాని ప్రకారమే.

మన పట్టాల మీద తిరిగే రైలునే తీసుకుందాం. ఇప్పటి ఎక్స్‌ప్రెస్‌లలో కనిపించే కొత్త తరం ఎల్‌హెచ్‌బీ బోగీ పొడవు సుమారు 24 మీటర్లు. హెచ్‌ఓలో అది 27.6 సెంటీమీటర్లు అవుతుంది. అలాంటివి 22 బోగీలు, ముందు ఒక డబ్ల్యూఏపీ-7 కరెంటు ఇంజను కలిపితే మొత్తం రైలు దాదాపు 6.3 మీటర్లు. హైదరాబాదులోనో విజయవాడలోనో అపార్ట్‌మెంటులో పది అడుగులకు పన్నెండు అడుగుల గది ఉంటే, దాని పొడుగు గోడ 3.66 మీటర్లే. అంటే సికింద్రాబాదులో రోజూ కనిపించే ఎక్స్‌ప్రెస్ ఒకటి ఆ గదిలో తిన్నగా నిలబడను కూడా నిలబడదు. ఎన్ కొలతలో 3.4 మీటర్లకు తగ్గుతుంది గానీ అప్పుడూ గోడ మొత్తం దానికే సరిపోతుంది. ఎనిమిది బోగీలకు కుదించుకుంటే హెచ్‌ఓలో రెండున్నర మీటర్లలోపు వస్తుంది. ఈ రాజీ అందరూ చేసుకునేదే, కంటికి పెద్దగా వెలితిగానూ అనిపించదు.

అసలు చిక్కు వంపుతో వస్తుంది. మన బ్రాడ్‌గేజ్‌లో అనుమతించే అత్యంత బిగువైన వంపు వ్యాసార్ధం 175 మీటర్లు. అది హెచ్‌ఓలో రెండు మీటర్లు. అంటే అలాంటి వంపు పూర్తిగా గుండ్రంగా తిరగడానికి నాలుగు మీటర్ల వెడల్పు గది కావాలి. ప్రారంభ సెట్లలో ఇచ్చే పట్టాల వ్యాసార్ధం చూస్తే మార్క్‌లిన్ మొదటి వంపు 360 మిల్లీమీటర్లు. దాన్ని తిరిగి అసలు కొలతలోకి మారిస్తే 31 మీటర్లు. 24 మీటర్ల బోగీని 31 మీటర్ల వ్యాసార్ధంలో తిప్పడాన్ని ఊహించుకుంటే చాలు, ఎంత ఖరీదైన నమూనా అయినా అక్కడ బొమ్మలా ఎందుకు కనిపిస్తుందో అర్థమవుతుంది. అభిరుచిపరులలో చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క ఒకటుంది. అన్నిటికంటే పొడవైన బోగీకి మూడు రెట్ల వ్యాసార్ధం ఉంటే రైలు పట్టాలు తప్పకుండా తిరుగుతుంది, ఐదు రెట్లుంటే చూడడానికి కూడా బాగుంటుంది. ఎల్‌హెచ్‌బీకి ఆ లెక్కన కనీసం 83 సెంటీమీటర్లు, అందానికి 138 సెంటీమీటర్లు కావాలి.

తయారీదారులకు ఈ బాధ తెలియనిది కాదు. జర్మనీ ఎక్స్‌ప్రెస్ బోగీ అసలు పొడవు 26.4 మీటర్లు. హెచ్‌ఓలో 303 మిల్లీమీటర్లు రావాలి. ఇళ్లలోని బిగువైన వంపుల కోసం ఎత్తు, వెడల్పు సరిగ్గానే ఉంచి పొడవును మాత్రం 282 మిల్లీమీటర్లకూ, 264 మిల్లీమీటర్లకూ కుదించిన బోగీలు చాలాకాలం అమ్మారు. కిటికీల సంఖ్య లెక్కపెట్టేవారికి తప్ప తేడా తెలియదు. అయితే కుదించిన బోగీ పక్కన పూర్తి పొడవున్నది పెడితే రెండూ చెడతాయి. కొనే ముందు పెట్టె మీద మిల్లీమీటర్లలో రాసిన పొడవు చూడడం అందుకే అవసరం.

ఇంతకన్నా మంచి దారి మరొకటుంది. పొట్టి వాహనాలు తిరిగే మార్గాన్నే నమూనాకు ఎంచుకోవడం. 1960ల నాటి పశ్చిమ జర్మనీ పల్లె మార్గాలు ఇందుకు చక్కని ఉదాహరణ. పన్నెండు మీటర్ల వీ-100 డీజిల్ ఇంజను, పాత చట్రాల మీద కొత్త ఇనుప పెట్టెలు కట్టిన మూడు ఇరుసుల పదమూడు మీటర్ల బోగీలు, పద్నాలుగు మీటర్ల రైలు బస్సు. ఇవన్నీ హెచ్‌ఓలో జానెడు కూడా ఉండవు. అర మీటరు వ్యాసార్ధంలో హాయిగా తిరుగుతాయి. జర్మన్ నమూనాలలో ఆ పల్లె మార్గాలకు అంత ఆదరణ ఉండడానికి జ్ఞాపకాలు ఒక కారణమైతే, ఇళ్లలోని గదుల కొలత అంతకన్నా బలమైన కారణం అయివుండాలి.

మన దగ్గర ఆ పాత్రకు గూడ్సు రైలు సరిపోతుంది. సింగరేణి బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగను పొడవు 10.7 మీటర్లే, హెచ్‌ఓలో 12.3 సెంటీమీటర్లు. ఐదు రెట్ల లెక్క వేసినా 62 సెంటీమీటర్ల వ్యాసార్ధం చాలు. పన్నెండు వ్యాగన్లు కడితే మీటరున్నర వస్తుంది, చూసేవారికి నిండైన రైలులాగే అనిపిస్తుంది. ఎల్‌హెచ్‌బీలకు అవస్థ పడే గదిలోనే బొగ్గు రైలు రాజసంగా తిరుగుతుంది. ఇనుప ఖనిజాన్ని బైలదిల్ల నుంచి విశాఖపట్నానికి దించే కొత్తవలస–కిరండోల్ మార్గమైతే ఇంకో సౌకర్యం కూడా ఇస్తుంది. ఆ దారిలో ఉన్నన్ని సొరంగాలు మన ప్రాంతంలో మరే మార్గంలోనూ లేవు. లేఅవుట్ (బల్ల మీద పట్టాలు, ఊరు కలిపి కట్టిన అమరిక) చివర్లలో తప్పనిసరిగా వచ్చే బిగువు వంపులను కొండ కింద దాచేస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. కాజీపేట వంటి మైదానంలో కొండను మొలిపించడం కుదరదు. అక్కడ రోడ్డు వంతెననో, బొగ్గు నింపే బంకరునో, వేపచెట్ల వరుసనో అడ్డుపెట్టుకోవాలి.

ఇప్పుడు వివరాల సంగతి. లేఅవుట్ అంచున నిలబడిన మనిషి కంటికీ రైలుకూ మధ్య సాధారణంగా 60 సెంటీమీటర్ల దూరం ఉంటుంది. దాన్ని 87తో గుణిస్తే 52 మీటర్లు. అంటే రెండు ప్లాట్‌ఫారాల అవతల నుంచి అసలు రైలును చూస్తున్నట్లు. మామూలు చూపున్న కంటికి ఆ 60 సెంటీమీటర్ల దూరంలో 0.17 మిల్లీమీటరు కన్నా చిన్న వస్తువు ఆకారం పట్టుబడదు. అసలు కొలతలో అది సుమారు 15 మిల్లీమీటర్లు. ఈ ఒక్క లెక్క చాలా వాదాలు తేలుస్తుంది. చిన్న రివెట్టు తల పక్కా కొలతలో ఉన్నా కనపడీ కనపడనట్లే ఉంటుంది. చేతిపట్టు కడ్డీ సంగతి వేరు. అసలు కడ్డీ ముప్ఫై మిల్లీమీటర్ల మందం అనుకుంటే నమూనాలో 0.35 మిల్లీమీటరు రావాలి. అది సన్నని తీగతో విడిగా చేసి అమర్చినదైతే కింద చిన్న నీడ పడుతుంది, ఆ నీడ వల్లే ఇంజను ముఖానికి లోతు వస్తుంది. ఇంజను గోడతోపాటే ప్లాస్టిక్‌లో పోతపోసినదైతే నీడ ఉండదు. విడిగా అమర్చినా 0.7 మిల్లీమీటరు మందం ఉంటే డ్రైవరు చేతికి పిడికిలి పట్టనంత లావు గొట్టంలా కనిపిస్తుంది. కాబట్టి విడిగా అమర్చిన వివరాలకు పెట్టే డబ్బులో మొదటి వాటా కడ్డీలకు, నిచ్చెనలకు, ఫ్యాను జాలీలకు, పై తీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫుకు దక్కాలి. ఫ్యాను జాలీ రసాయనంతో కొరికిన పలుచని లోహపు రేకుదై, దాని కింద రెక్కలు మసకగా కనిపిస్తుంటే ఆ ఖర్చుకు న్యాయం జరిగినట్లే. డ్రైవరు క్యాబిన్ లోపలి మీటర్లు, చట్రం కింద రెండు చక్రాల మధ్య దాగిన బ్రేకు లింకులు అరలో పెట్టి చూసుకునేవారికి ఆనందమే గానీ తిరిగే రైలులో ఆ డబ్బు కంటికి చేరదు.

బల్ల ఎత్తును బట్టి కూడా ఈ వరుస మారుతుంది. భోజనాల బల్ల ఎత్తులో లేఅవుట్ కడితే నిలబడినవారికి అన్నిటికంటే ముందు కనిపించేది పైకప్పు. నిజ జీవితంలో మనం ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీలు, తలుపులు, చక్రాలు చూస్తాం. పైకప్పు చూడాలంటే ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఎక్కాలి. పట్టాలను 120, 130 సెంటీమీటర్ల ఎత్తుకు తీసుకెళ్తే చూపు ప్రయాణికుడి చూపుకు దగ్గరపడుతుంది, మామూలు నమూనా కూడా ఒక్కసారిగా బరువు సంతరించుకుంటుంది. పైసా అదనంగా ఖర్చు లేకుండా వచ్చే ఇంత పెద్ద మార్పును చాలామంది వదులుకోవడం బాధాకరం. పిల్లలున్న ఇంట్లో ఒక గట్టి పీట తోడుగా ఉంటే సరిపోతుంది.

పక్కనుంచి చూడడం మొదలుపెట్టాక చక్రాలు, పట్టాలు పట్టించుకోక తప్పదు. అసలు రైలు చక్రం వెడల్పు 130 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది, హెచ్‌ఓలో ఒకటిన్నర మిల్లీమీటరు. మార్కెట్‌లో మామూలుగా దొరికే చక్రం 2.8 మిల్లీమీటర్లు ఉంటుంది. రైలు ఎదురుగా వస్తున్నప్పుడు చక్రాలు చెక్క బిళ్లల్లా కనిపించడానికి కారణం ఇదే. 2.2 మిల్లీమీటర్ల సన్నని చక్రాలూ దొరుకుతాయి. కంటికి ఎదురుగా ఉండే వ్యాగన్లకు వాటిని మార్చుకోవడం చవకైన మెరుగుదల. పట్టా ఎత్తును అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన కోడ్ సంఖ్యతో చెబుతారు. సెట్లలో తరచుగా కనిపించే కోడ్ 100 పట్టా 2.54 మిల్లీమీటర్లు, అంటే అసలు కొలతలో 221 మిల్లీమీటర్ల భారీ పట్టా. మన ప్రధాన మార్గాల్లోని 60 కిలోల పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లే. దానికి కోడ్ 75 లేదా 83 దగ్గరగా వస్తుంది. పాత మార్గాల 52 కిలోల పట్టా ఎత్తు 156 మిల్లీమీటర్లు, దానికి కోడ్ 70 అచ్చు గుద్దినట్లు సరిపోతుంది. వేల రూపాయల ఇంజనును మెరిసే లావుపాటి పట్టా మీద నిలబెట్టడం కన్నా, సాదా ఇంజనును తుప్పు రంగు వేసిన సన్నని పట్టా మీద నడపడం మేలు. మార్క్‌లిన్ మూడు పట్టాల విద్యుత్ పద్ధతి వేరు, మిగతావారి రెండు పట్టాల పద్ధతి వేరు. మార్క్‌లిన్ వాహనాన్ని రెండు పట్టాల పద్ధతి మీద పెడితే చక్రాల గుండా షార్ట్ సర్క్యూట్ అవుతుంది. పాతవి కొనేటప్పుడు ఈ సంగతి ముందే అడగాలి.

ఖరీదైన ఇంజను పెట్టెలో ఒక చిన్న ప్లాస్టిక్ సంచి కూడా వస్తుంది. బ్రేకు గొట్టాలు, మెట్లు, నకిలీ కప్లింగులు (బోగీలను కలిపే కొక్కేలు) అందులో ఉంటాయి. వాటిని కొనుగోలుదారే అమర్చుకోవాలి. బిగువు వంపుల్లో ముందు చక్రాల బండి (ఇంజను కింద ఇరుసులను పట్టుకుని తిరిగే చట్రం) పక్కకు తిరిగినప్పుడు అవి తగులుతాయి కాబట్టే విడిగా ఇస్తారు. చిన్న వంపులున్న ఇంట్లో ఆ సంచి ఎప్పటికీ విప్పరు. అంటే డబ్బిచ్చి కొన్న వివరాలు సొరుగులో ఉండిపోతాయన్నమాట. ఒక చివరకే కప్లింగు అవసరమయ్యే రైలైతే ఇంజను రెండో ముఖానికి వాటిని అమర్చుకోవచ్చు.

ఊరు, సంవత్సరం ఖాయం చేసుకోవడం నిజమైన లేఅవుట్‌కు వెన్నెముక. ఐరోపా అభిరుచిపరులు కాలాన్ని ఆరు యుగాలుగా విభజించుకున్నారు, ప్రతి పెట్టె మీదా యుగం సంఖ్య రాసి ఉంటుంది. మనకు అలాంటి ముద్ర లేదు గానీ లెక్క కట్టడం కష్టం కాదు. అమెరికా ఇంజన్ల సంస్థ ఆల్కో నమూనాతో వచ్చిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్లు 1960లలో మొదలయ్యాయి. పెరంబూరులో 1955లో మొదలైన ఐసీఎఫ్ కర్మాగారపు బోగీలు చాలాకాలం ముదురు ఎరుపులో తిరిగి, తర్వాత నీలం రంగుకు మారాయి. ఎల్‌హెచ్‌బీలు ఈ శతాబ్దపు సరుకు. కాబట్టి స్తంభం మీద చేయిలా కదిలే సిగ్నళ్లు, పట్టాల కింద చెక్క స్లీపర్లు ఉన్న 1978 నాటి చిన్న స్టేషనులో ఎర్ర ఐసీఎఫ్ బోగీలు నిలబడితే గుండె కదులుతుంది. అక్కడే ఎల్‌హెచ్‌బీ వచ్చి ఆగితే అది ఎంత సూక్ష్మంగా చేసినదైనా బొమ్మ చెడుతుంది. కప్లింగు కూడా కాలాన్ని బట్టే ఉండాలి. ఎల్‌హెచ్‌బీకీ బాక్స్‌ఎన్‌కూ పిడికిలి ఆకారపు మధ్య కప్లింగు నప్పుతుంది. పాత ఐసీఎఫ్‌కు పక్క బఫర్లు, మర కప్లింగు ఉండాలి. పసుపు బోర్డు మీద మూడు భాషల్లో ఊరి పేరు, కింద సముద్రమట్టం నుంచి ఎత్తు రాస్తే ఆ ఊరు అక్కడే వెలుస్తుంది. ఒకప్పుడు దేశంలో అత్యంత ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషనుగా పేరుపొందిన శిమిలిగూడ బోర్డయితే ఆ అంకె ఒక్కటే కథ చెబుతుంది.

భారతీయ రైళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓలో పట్టాల మధ్య 19.3 మిల్లీమీటర్లు రావాలి. దొరికే పట్టా 16.5 మిల్లీమీటర్లే. దాదాపు ఏడో వంతు ఇరుకు. దీన్ని తలచుకుని దిగులుపడనక్కర్లేదు. 76వ వంతు నమూనాలను అదే 16.5 పట్టా మీద నడిపే బ్రిటిష్ అభిరుచిపరులకు 18.83 రావాలి, వారూ తరతరాలుగా ఆ ఇరుకుతోనే సర్దుకుపోతున్నారు. పట్టుబట్టినవారు సొంతంగా వెడల్పు పట్టాలు వేసుకుంటారు, ప్రతి ఇంజను ఇరుసూ మార్చుకుంటారు. మిగతావారికి ఉపాయం చూపు కోణంలో ఉంది. పక్కనుంచి చూస్తే ఇరుకు తెలియదు, ఎదురుగా వస్తున్నప్పుడే తెలుస్తుంది. స్టేషనును గోడ వెంట పొడవుగా వేసి, ఎదురుచూపు పడే చోట చెట్టునో వంతెననో నిలిపితే సరి. సూక్ష్మ వివరాలతో పెట్టెలోంచి తీసి నేరుగా నడపగలిగే భారతీయ నమూనాలు చాలా తక్కువ కాబట్టి డబ్ల్యూడీఎం-2 కావాలనుకునేవారు ఆల్కో కుటుంబానికే చెందిన అమెరికన్ ఆర్‌ఎస్‌డీ ఇంజన్ల చట్రాలను గమనించాలి. అసమాన దూరంలో మూడు ఇరుసులుండే ఆ చక్రాల బండి రెండింటిదీ ఒకే తీరు. దాని మీద ప్లాస్టిక్ రేకుతోనో త్రీడీ ముద్రణతోనో మన ఇంజను ఒడలు కట్టవచ్చు. బాక్స్‌ఎన్ అయితే నిలువు కమ్ములున్న తెరిచిన పెట్టే కాబట్టి చేత్తో కట్టడం నేర్చుకునేవారికి అంతకన్నా మంచి పాఠం లేదు.

కదలికలో నిజం లేకపోతే ఈ శ్రమంతా వృథా. గంటకు 50 కిలోమీటర్ల గూడ్సు హెచ్‌ఓలో సెకనుకు 16 సెంటీమీటర్లు మాత్రమే కదలాలి, మూడు మీటర్ల గోడ దాటడానికి పందొమ్మిది సెకన్లు పడుతుంది. కొత్తవారు నడిపే వేగం దీనికి రెండు మూడు రెట్లుంటుంది. కొనేటప్పుడు ఇంజనును అతి నెమ్మదిగా నడిపించమని అడగాలి. స్లీపరు స్లీపరూ లెక్కపెట్టగలిగేంత నిదానంగా, కుదుపు లేకుండా కదిలితే మోటారు, గేర్లు మంచివని అర్థం. అన్ని చక్రాల నుంచీ కరెంటు తీసుకునే ఇంజనైతే పాయింట్ల మీద, అంటే పట్టాలు చీలే చోట, ఆగదు. వ్యాగను తేలికైతే గాలికి ఊగినట్లు ఊగుతుంది. 1935లో ఏర్పడిన అమెరికా నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సిఫారసు ప్రకారం హెచ్‌ఓ వాహనానికి ఒక ఔన్సు, దానికి తోడు పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్సు బరువుండాలి. బాక్స్‌ఎన్‌కు అది దాదాపు 97 గ్రాములు. చట్రంలో సీసపు ముక్క దాచి, పైన నిజమైన బొగ్గు నలిపి జిగురుతో అంటిస్తే బరువూ రూపమూ రెండూ కుదురుతాయి. ఇక శబ్దం. ఒక్కో ఇంజనును విడివిడిగా నడిపే డీసీసీ అనే డిజిటల్ పద్ధతిలో ప్రతి ఇంజనులోనూ ఒక చిన్న డీకోడరు ఉంటుంది, స్పీకరు జోడిస్తే ఆ ఇంజను సొంత గొంతే వినిపిస్తుంది. డబ్ల్యూడీఎం-2లో ఉన్నది ఆల్కో 251 ఇంజను. అమెరికన్ ఆల్కోల కోసం రికార్డు చేసిన ఆ గుడగుడలు మన ఇంజనుకూ సరిపోతాయి. కాజీపేట, గుత్తి షెడ్ల పక్కన పెరిగినవారు కళ్లు మూసుకుని కూడా గుర్తుపట్టగల శబ్దమది.

పెట్టెలోంచి తీసిన ఏ నమూనా అయినా మరీ శుభ్రంగా ఉంటుంది. అసలు రైలును దగ్గరగా చూస్తే చక్రాల చట్రం నల్లగా ఉండదు, బ్రేకు పొడి పట్టి ఇటుక గోధుమ రంగులో ఉంటుంది. బొగ్గు వ్యాగను లోపలి గోడలు కింద నల్లగా, పై అంచున బకెట్ దెబ్బలకు సొట్టలు పోయి తుప్పుగా ఉంటాయి. మ్యాట్ వార్నిష్ ఒక పూత, రంగు పొడులు రెండు మూడు, మెత్తని కుంచె ఒకటి ఉంటే చవక వ్యాగను కూడా ఖరీదైనదాని పక్కన నిలబడుతుంది. మన ఇళ్లలో ఫ్యాను కింద చేరే దుమ్మును మాత్రం ఈ కోవలో వేయకూడదు. అది పట్టా మీద పేరుకుని కరెంటును అడ్డుకుంటుంది. విశాఖ వంటి తీర నగరాల తేమకు ప్లైవుడ్ బల్ల వంకర పోకుండా రెండు వైపులా రంగు వేయాలి. జపాన్‌లో వంద వోల్టులకు చేసిన అడాప్టరును నేరుగా మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే మొదటి రోజే కాలిపోతుంది.

కొనుగోలును ఒక్క వ్యాగనుతో మొదలుపెట్టడం మంచిది. దాన్ని లేఅవుట్‌లోని ప్రతి వంపులో, ప్రతి పాయింటు మీద చేత్తో తోసి చూసి, కుదిరాకే మిగతా పదకొండు తెప్పించుకోవాలి. అవి వచ్చాక వరుసగా నిలబెట్టి పక్కల మీది నంబర్లు చదవాలి. ఒకే నంబరు ముద్రించిన వ్యాగన్లు ఒకే రైలులో మూడు కనిపిస్తే చూసేవాడి కన్ను అక్కడే ఆగిపోతుంది. స్పిరిటులో ముంచిన దూదితో చివరి రెండు అంకెలు జాగ్రత్తగా తుడిచి, ప్రతిదానికీ వేరే అంకెలు అంటించాలి. పన్నెండు వ్యాగన్లకు ఒక ఆదివారం పడుతుంది.